గచ్చు కొట్టిన పదకొండు రోజులు

నేను ఒక పాత ఇంటిని. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకు కాస్త ఎగువన, ఇసుక నేల మీద ఎత్తుగా కట్టిన అరుగు మీద ఉంటాను. నా గేటు పక్కన నల్లరాతి పలక ఒకటి పాతారు. ఎవరు కట్టించారు, ఎన్ని స్తంభాలు, ఏ దేశపు పద్ధతి, ఎప్పుడు పరిరక్షించారు, అన్నీ దాని మీద ఉన్నాయి. వచ్చినవాళ్లు పైకి చదువుతూంటే విన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాని ఒక మనిషి గురించి అడిగితే అతని చొక్కా కొలతలు చెప్పి ఊరుకున్నట్టు ఉంటుంది.

కిటికీలు ఇంటికి కళ్లని మీలో చాలామంది అనుకుంటారు. నాకు నలభై రెండు కిటికీలున్నాయి. ఒక్కదానితోనూ చూడలేను. నాకు తెలిసేవి బరువు, వేడి, అదురు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ కాలి మీద మొగ్గారో తెలుస్తుంది. గోడకు ఆనిన వీపులో జ్వరం ఉంటే తెలుస్తుంది. మాట కూడా అదురే కనక గదిలో ఎవరేమన్నా నాలోకి వచ్చేస్తుంది. నా రంగు పసుపుపచ్చ అని మాత్రం జనం చెప్పుకోగా తెలుసుకున్నాను. ఉంటే ఉండొచ్చు.

నన్ను కట్టించినవాడు కెల్సో అనే ఓడల ఏజెంటు. రేవు నిండా ఓడలు ఆగే రోజులవి. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేశారు. దాన్ని ఎద్దుల గానుగలో రుబ్బి, కరక్కాయ నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి కలిపారు. గోడలు లేచినప్పుడు నేను పుట్టలేదు. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, వాటి మీద సున్నమూ ఇటుకముక్కలూ జానెడు మందాన పరిచినప్పుడు కూడా పుట్టలేదు. ఆ తర్వాత ఇరవైమంది ఆడవాళ్లు పైకెక్కి, వరసగా గొంతుక్కూచుని, పిడి ఉన్న కొయ్యచెక్కలతో ఆ గచ్చును కొట్టడం మొదలుపెట్టారు. పొద్దున్నుంచి సందెదాకా కొట్టారు. మొదట్లో తడిబట్టను రాతి మీద బాదినట్టుండేది చప్పుడు. రోజురోజుకీ గట్టిపడి, పదకొండో రోజున ఇత్తడి బిందెలా మోగింది. ఆ మోత నా మొదటి జ్ఞాపకం. అంతకు ముందు నేను సామాను మాత్రమే.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. వరసకు ఒక పెద్ద ఉంటుంది. పాట ఎత్తేది ఆమే, గచ్చు పలికిందో లేదో తేల్చేదీ ఆమే. ఆఖరి రోజున ఆమె "చాలు" అనేదాకా ఎవరూ చెక్క కింద పెట్టరు. యజమాని అన్నా పెట్టరు.

ఆ పైన నాలోకి మనుషులు వచ్చారు. కెల్సో భార్య తూర్పు గదిలో సముద్రం వైపు కుర్చీ వేసుకుని రెండేళ్లు కూచుంది. ఎవరైనా చూడవస్తే నవ్వేది. వాళ్లు వెళ్లగానే కుర్చీ కాళ్లు నేలలోకి మరింత దిగినట్టుండేవి. నవ్వు ఆపేసిన మనిషి ఉన్న బరువుకన్నా బరువవుతుందని అప్పుడు తెలుసుకున్నాను. రేవుకు ఓడలు తగ్గాయి, దంపతులు వెళ్లిపోయారు. ఒక జమీందారు కొని, తాను ఉండకుండా అద్దెకిచ్చాడు. ఉప్పు కచేరీ వచ్చింది. డెబ్భై ఏళ్లు గుమాస్తాలు బల్లల కింద ఎడమ మోకాళ్లు ఆడిస్తూ పనిచేశారు. పైవాడు నడిచి వస్తుంటే అన్ని మోకాళ్లూ ఒక్కసారి ఆగేవి. కచేరీ పోయాక ఆడపిల్లల హాస్టలు పెట్టారు. అరవైమంది పిల్లలు. ఏడుపు వచ్చినప్పుడు ప్రతి పిల్లా, ఆ చోటు తనొక్కతే కనిపెట్టినట్టు, వెనక వసారాలో ఒకే స్తంభం చాటుకు వెళ్లేది. ఆ స్తంభానికి మోచెయ్యెత్తున సున్నం ఇప్పటికీ నున్నగా ఉంటుంది. దానికి కారణం సముద్రపు గాలి అని ఒక పుస్తకంలో రాశారట.

హాస్టలు ఎత్తేశాక జమీందారు వారసులు ఇద్దరు నా కోసం కోర్టుకెక్కారు. ఇరవైరెండేళ్లు తాళం. ఇద్దరిలో ఒక్కరూ నాలో ఒక పూటైనా పడుకున్నవాళ్లు కాదు. మొదటి ఏడాది ఎదురుచూశాను. తర్వాత తర్వాత ఎవరి కోసమన్నది పోయి ఎదురుచూపు ఒక్కటీ మిగిలింది. గబ్బిలాలు ఉండేవి, కాని వాటికి బరువు లేదు. వానలకు ఈశాన్యం మూల కప్పు కుంగింది. అది నొప్పిగా కూడా తెలియలేదు. ఎవరి స్పర్శా లేకపోతే తన శరీరం ఎక్కడిదాకా ఉందో శరీరానికి గుర్తుండదు.

అప్పుడు పాత కట్టడాల పరిరక్షణ సంఘం వాళ్లు నన్ను తీసుకున్నారు. వాళ్ల ఇంజినీరు పేరు శామ్యూల్ రత్నం. యాభై దాటిన మనిషి, నెమ్మదైన అడుగు. మొదటి రోజు నా గోడ మీద చెయ్యి వెయ్యబోయి ఆగి, సంచిలోంచి తొడుగులు తీసి వేసుకుని, అప్పుడు వేశాడు. నా మంచి కోరినవాళ్లలో అంతటివాడు లేడు. రెండేళ్లపాటు రోజూ వచ్చాడు. అతని అరచెయ్యి వేడి ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు.

కప్పు మళ్లీ పాతపద్ధతిలోనే వెయ్యాలని రత్నం పట్టుబట్టాడు. గచ్చు కొట్టడం తెలిసిన మనిషి కోసం ఆరు నెలలు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. చివరికి పెంటమ్మ దొరికింది. డెబ్భై దాటిన మనిషి. ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, దేవుడి కంట పడకుండా పెంట మీద దొర్లించి ఆ పేరు పెట్టారట. పన్నెండేళ్లప్పుడు, ఉప్పు కచేరీ రోజుల్లో నా కప్పు బాగుచేసినప్పుడు, వాళ్లమ్మ పక్కన కూచుని నా మీద చెక్క పట్టానని ఆమె రత్నంతో చెప్పింది. నాకు గుర్తులేదు. పిల్లల దెబ్బలు తేలిక.

తన పేటలోంచే పన్నెండుమంది ఆడవాళ్లను తెచ్చి పని నేర్పింది. వాళ్లలో అసిరితల్లి అని ముప్ఫై ఏళ్ల మనిషి, వరసకు కోడలు, ఎప్పుడూ ఆమె పక్కనే కూచునేది.

పెంటమ్మకు చెవులు వినపడవని నాకు మొదటి రోజే తెలిసింది. పిలిస్తే మనుషులు ముందు మెడ తిప్పుతారు, తర్వాత కాలు కదుపుతారు. ఆమె ముందు అరికాలు నాకేసి నొక్కేది, ఆ తర్వాత తిరిగేది. ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. రత్నానికి తెలియకుండా వాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరైనా కుడివైపు నుంచి పిలిస్తే అసిరితల్లి తన చెక్కతో పాట దరువుకు అడ్డంగా రెండు దెబ్బలు వేసేది. ఎడమవైపు నుంచైతే మూడు. ఆ దెబ్బలు నాలోంచి ప్రయాణం చేసి పెంటమ్మ పాదాల్లోకి వెళ్లేవి. ఆమె తాపీగా తిరిగి, పిలిచినవాడి పెదాలు చూసి, జవాబు చెప్పేది.

"ఆవిడ వెంటనే జవాబు చెప్పరండీ, ఆలోచించి చెప్తారు. ఎంత పెద్దరికమో!" అని రత్నం ఫోనులో ఎవరికో చెప్పాడు. ఆ మాట విని పన్నెండుమందీ చెక్కలు వదిలేసి నవ్వారు. నవ్వు ఎందుకో తెలియక అతనూ నవ్వాడు.

అప్పటిదాకా నాలో మాట్లాడుకున్నవాళ్లే గాని నాలోంచి మాట్లాడినవాళ్లు లేరు. నూట యాభై ఏళ్లుగా వచ్చిన ప్రతి మాటా నా దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు ఒక మాట నాలోంచి దాటి అవతలి మనిషికి చేరుతోంది. నేను ఒకామె చెవిని. ఇలాంటి సంతోషాన్ని ఒప్పుకోవడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది, ఎందుకంటే అది ఆమె లోటు మీద ఆధారపడిన సంతోషం. కాని దాచి లాభం లేదు.

పాట ఎత్తేది పెంటమ్మే. తన గొంతు తనకు వినపడదు కనక ఎక్కడో మొదలై ఎక్కడికో పోయేది.

"టోపీ బాబు వచ్చినాడే..."

"కొట్టండే, కొట్టండే!"

"ఇటికి ఇటికికీ బొట్టెట్టమన్నాడే..."

"కొట్టండే, కొట్టండే!"

రత్నం తన టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు "బట్టతల బాబు" అయ్యాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నాలు తినేవేళ, రత్నం కిందికి దిగాక, అసిరితల్లి పెంటమ్మ ఎదురుగా కూచుంది.

"అత్తా, బాబు మంచోడే గదా. సెవులు సంగతి సెప్పీరాదా? దాసుకోడం ఎందుకు?"

పెంటమ్మ రహస్యం చెబుతున్నాననుకుంది గాని ఆ గొంతు మెట్ల దాకా వినిపించింది. "సెప్తే దించేస్తాడే. సెవులు పోనాయని జనపనార మిల్లులో ఓ మూల కూకోబెట్టినారు. ఇంటికొస్తే సుట్టాలు వొచ్చినప్పుడల్లా నా కొడుకు పెళ్లాం పెరట్లో కూకోబెడతాది, సెవిటిది అడ్డదిడ్డంగా ఏటో అంటాదని. ఇంకెక్కడా కూకోనే నాను. మాయమ్మ ఈ గచ్చు మీద నిలబడి సాలు అన్నాది. ఇప్పుడు నాను అనాల. అది అయిపోనాక ఎక్కడ కూకోమంటే అక్కడ కూకుంటాను."

ఆమెకు కావలసింది అంతే. ఒక్క మాట. తీసుకునే మనిషికి తప్ప దాని విలువ ఎవరికీ తెలియని రకం.

ఎనిమిదో రోజుకు గచ్చు మోగడం మొదలైంది. ప్రతి సాయంత్రం ఆమె నా కప్పు మీద ఒంటరిగా నడిచేది. అడుగు వేసి, మడమ ఆనించి, ఆగి, ఇంకో అడుగు. ఈశాన్యం మూలకు వచ్చేసరికి ఎక్కువసేపు ఆగేది. "ఇక్కడ ఇంకా నోరు ఇప్పలేదు" అనేది. రత్నం తన చిన్న సుత్తితో అక్కడ తట్టి చెవి ఒగ్గేవాడు. అతనికి బాగానే వినిపించేది. అయినా ఆమె మాట మీద నమ్మకంతో సరేననేవాడు.

నిజంగా ఆ మూల బోలుగా ఉందా? చెప్పలేను. తన లోపలి ఖాళీ ఎవరికీ ఖాళీగా తెలియదు, అది అలవాటైపోతుంది. ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటాను. అక్కడ బోలు ఉండాలని కోరుకున్నాను. ఉన్నంతకాలం వాళ్లు కొడుతూ ఉంటారు. పని పూర్తయితే నేను పూర్తవుతాను, పూర్తయినదాన్ని ఎవరూ తాకరు.

పదో రోజున సంఘం అధ్యక్షురాలు వసుంధరాదేవి గారు వచ్చారు. కాలేజీ ప్రిన్సిపాలుగా రిటైరయిన మనిషి, మనసున్న మనిషి. ఆడవాళ్లు ఎండలో వట్టికాళ్లతో సున్నంలో కూచున్న ఫొటో ఒకటి పేపర్లో పడిందట. చూసి ఆవిడకు రాత్రంతా నిద్రపట్టలేదట. అందుకని పదమూడు జతల రబ్బరు బూట్లు తెచ్చారు. మోకాలి కిందిదాకా వచ్చేవి, అంగుళం మందం అడుగులున్నవి.

"ఇవి వేసుకోకుండా పైకి ఎవరూ ఎక్కకూడదు, రత్నం గారూ. సున్నం కాళ్లు తినేస్తుంది. వీళ్లు మన మనుషులు కాదా?"

ఆవిడే స్వయంగా వంగి పెంటమ్మ కాళ్లకు బూట్లు తొడిగారు. అంత పెద్దావిడ తన కాళ్లు పట్టుకుంటే వద్దని ఎలా అంటుంది? పెంటమ్మ పైకెక్కింది. మొదటి మెట్టు నుంచే ఆమె బరువు నాకు కొత్తగా తెలిసింది. గుడ్డ చుట్టిన వస్తువును పట్టుకున్నట్టుంది. ఆమె ఉంది, కాని నాకు అందడం లేదు. నేనూ ఆమెకు అందడం లేదు.

అందరూ వరసలో కూచుని పని మొదలుపెట్టారు. పెంటమ్మ మధ్యలో లేచి, సముద్రం వైపు తిరిగి నిలబడి వరస చూస్తోంది. వెనక, ఎడమ పక్కన, తాపీ మేస్త్రి ఇటుకముక్కలున్న ఇనపతట్ట ఎత్తుకుని వచ్చి జారవిడిచాడు. కప్పంతా అదిరింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. వసుంధరాదేవి గారు రెండడుగులు వెనక్కి వేశారు. రత్నం చేతిలోని కాగితాలు కింద పడ్డాయి. పెంటమ్మ కదల్లేదు. అసిరితల్లి మూడు దెబ్బలు వేసింది. ఇంకా గట్టిగా మూడు వేసింది. నాకు చేతనైనంతా మోశాను. అంగుళం రబ్బరు దాటి వెళ్లలేకపోయాను.

రత్నం నడిచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"పెంటమ్మా, నీకు వినిపించదా?"

ఆమె అతని పెదాలు చూసింది. తర్వాత అందరి మొహాలూ చూసి ఉంటుంది. సంగతి అర్థమైంది.

"ఇరవయ్యారేళ్లు జనపనార మిల్లులో సేసినాను బాబూ. ఆ మగ్గాల మోతలోనే సెవులు ఒగ్గీసినాను."

"మరి గచ్చు మోగుతోందో లేదో ఇన్నాళ్లూ ఎలా చెప్పావు?"

ఆమె వంగి బూటు లాగబోయింది.

"అయ్యో, విప్పకండమ్మా, కాళ్లు కాల్తాయి" అన్నారు వసుంధరాదేవి గారు.

"కాలకపోతే నాకు ఎలాగ తెలస్తాదమ్మా?" అంది పెంటమ్మ.

అసిరితల్లి లేచింది. "బాబూ, మాయత్తకి సెవుల్తో పనేటండి? పాదాల్తో ఇంటాది. మీరు ఇన్నదానికన్నా బాగా ఇంటాది."

రత్నం కప్పు అంచుదాకా నడిచి వెనక్కి వచ్చాడు. అతని అడుగుల్లో కోపం లేదు. మోసపోయిన మనిషికి మోసం కన్నా ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. నమ్మిన రోజుల్లో తాను పొందిన సంతోషం కూడా అబద్ధమైపోయిందనిపిస్తుంది. ఆరు నెలలు వెతికి దొరికిన మనిషి, ఆలోచించి జవాబు చెప్పే మనిషి, ఆ పెద్దరికం. అదంతా చెవుడేనా? అతను సిగ్గుపడ్డాడు. సిగ్గు ఎక్కువసేపు తనలోనే ఉండదు, ఎవరి మీదనైనా దిగాలి.

"రిపోర్టులో ఏం రాయమంటారు మేడమ్? చెవుడున్న మనిషి చేత చప్పుడు పరీక్ష చేయించానని రాయనా?" అన్నాడు. తర్వాత పెంటమ్మ వైపు తిరిగి, ఆమెకు తెలిసేలా ఒక్కొక్క మాటా విడదీసి, "అమ్మా, నువ్వు కింద నీడలో కూచో. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

అంతకన్నా మర్యాదగా ఎవరూ చెప్పలేరు. ఆమె దిగి, బూట్లు విప్పి మెట్ల పక్కన జతగా పెట్టి, వెనక వసారా మెట్టు మీద కూచుంది. సాయంత్రం ఆడవాళ్లతో కలిసి ఇంటికి వెళ్లింది. మర్నాడు పొద్దున్న మళ్లీ వచ్చి అదే మెట్టు మీద కూచుంది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

పదకొండో రోజున రత్నం సుత్తితో ముప్ఫయ్యారు చోట్ల తట్టి విన్నాడు. ప్రతిచోటా మోగిందని రాసుకున్నాడు. ఈశాన్యం మూలన కూడా. పన్నెండు గంటలకు పుస్తకం మూసి, "చాలమ్మా, ఇంక ఆపండి" అన్నాడు.

ఒక్క చెక్కా ఆగలేదు.

వినపడలేదేమోనని గొంతు పెంచాడు. "అసిరితల్లీ, చాలు. పని అయిపోయింది."

"ఆ మాట మీ నోటంట రాకూడదు బాబూ" అంది అసిరితల్లి, చెయ్యి ఆపకుండానే. "ఎవులు మొదలెట్టినారో ఆలే అనాల."

"ఇంక కొట్టి ఏం లాభం? సున్నం బిగిసిపోయింది."

"మాకు తెల్దు బాబూ. మాము కొట్టేవోలం."

అతను మొదట నవ్వాడు. ఒంటిగంటకు బతిమాలాడు. రెండింటికి కోప్పడ్డాడు. అది పంతమా, భయమా, భక్తా అని ఆ పన్నెండుమందిని విడివిడిగా అడిగితే పన్నెండు జవాబులు వచ్చేవి. కలిసి కూచున్నప్పుడు మాత్రం ఒకే చెయ్యి లేచేది, ఒకే చెయ్యి దిగేది. పాట లేదు. పాట ఎత్తేవాళ్లు లేరు. అరచేతులు కొలిమిలా కాలుతున్నాయని పిడి దాటి వచ్చే వేడి వల్ల నాకు తెలుస్తూనే ఉంది. మూడు గంటలకు అసిరితల్లి వేసే దెబ్బలో తడి చేరింది. ఆమె కొంగు చింపి చేతికి చుట్టుకుంది. ఆపలేదు.

నాకు సుఖంగా ఉంది. ఇది చెప్పడానికి బాధగానే ఉంది. వాళ్ల చేతులు చిట్లుతున్నాయని తెలిసి కూడా, కొట్టండి, ఇంకా కొట్టండి అనుకున్నాను. ఒంటరితనం మనసును మెత్తబరుస్తుందని అంటారు. నా విషయంలో అది నిజం కాలేదు.

నాలుగింటికి రత్నం కిందికి దిగి పెంటమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె రెండు అరచేతులూ మెట్టు మీద ఆనించి కూచుని ఉంది. పైన పడుతున్న ప్రతి దెబ్బా గోడ వెంట దిగి ఆ అరచేతుల్లోకి వెళ్తోంది. పొద్దున్నుంచీ ఆమె అంతా వింటూనే ఉంది.

"పెంటమ్మా, పైకి వచ్చి ఆ మాట చెప్పు."

"నాకేటి ఇనపడతాది బాబూ? సెవిటిదాన్ని గదా. ఇనపడ్డోలు మీరు సెప్పీసినారు గదా?"

"నేను చెప్తే ఆపడం లేదమ్మా."

ఆమె నవ్వింది. ఎగతాళిగా కాదు. చాలా రోజుల తర్వాత మనసు నిండిన మనిషి నవ్వులా ఉంది. తర్వాత లేచి, మోకాలి మీద చెయ్యి వేసుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. రత్నం వెనకే వచ్చాడు. బూట్ల మాట ఎత్తలేదు.

ఆమె వట్టికాళ్లు నా కప్పు మీద పడగానే పన్నెండు చెక్కలూ గాల్లో ఆగాయి. దించలేదు, ఎత్తే పట్టుకున్నారు. ఆమె పడమటి నుంచి మొదలుపెట్టి నడిచింది. అడుగు, మడమ, ఆగడం. మళ్లీ అడుగు. నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్లు లేరు. ఈశాన్యం మూలకు వచ్చి నిలబడింది. మడమ ఆనించింది. ఎత్తి మళ్లీ ఆనించింది. ఆ రెండోసారికి నేను నా కోరికంతా అక్కడికి తెచ్చుకున్నాను. ఇంకా కాలేదని చెప్పు. ఇంకొక్క రోజు.

ఆమె మడమ తీసి అసిరితల్లి దగ్గరకు నడిచింది. ఒక కాలి మీద మొగ్గి వంగింది. "ఏదే, సెయ్యి సూపించు" అంది.

"ఏట్నేదు అత్తా."

"సూపించమంటంటే."

కొంగుగుడ్డ విప్పిన చప్పుడు. పెంటమ్మ నిటారుగా నిలబడి, తన కొలత తప్పిన గొంతుతో, రేవుదాకా వినపడేలా అంది.

"సాలు!"

పన్నెండు చెక్కలు ఒక్కసారి నా మీద ఆనాయి. అదే ఆఖరి స్పర్శ. ఎవరో ఏడ్చారు. ఎవరో నీళ్లు తెమ్మన్నారు. రత్నం తన పుస్తకంలో తేదీ వేసుకున్నాడు.

నన్ను ప్రదర్శనశాల చేశారు. ఇప్పుడు నాలో ఎవరూ పడుకోరు, వండరు, తిట్టుకోరు. తాడు కట్టిన దారి వెంట వచ్చి, తాడు కట్టిన దారి వెంట వెళ్తారు. గదికొక బోర్డు ఉంది, తాకరాదని. మేడమెట్లకు తాళం వేశారు. నాకు ఏ లోటూ రాకుండా చూసుకుంటున్నారు. ఆ చూసుకోవడంలో ఎవరి చెయ్యీ ఉండదు.

మొదటి వానాకాలంలోనే తూర్పు గదిలో ఈశాన్యం మూలన చెమ్మ దిగింది. కప్పు నుంచి గోడ వెంట, మనిషెత్తు దాకా. రత్నం వచ్చి పైన సుత్తితో తట్టి చూశాడు. మోగింది. కారణం తెలియదని రాసి, వేరే ఊళ్లో మరో ఇంటిని రక్షించడానికి వెళ్లిపోయాడు. ఏడాది తిరిగేసరికి గైడ్లకు ఆ మరక పనికొచ్చింది. కెల్సో దొరసాని అక్కడ పూలకుండీ వేలాడదీసేదనీ, ఆవిడ పోసిన నీళ్ల గుర్తు అదనీ చెబుతారు. విన్నవాళ్లు జాలిపడి ఫొటోలు తీసుకుంటారు.

అలా చెమ్మ దిగాకనే నాకు తెలిసింది, ఆ మూల నిజంగానే బోలని. అది నా కోరిక కల్పించింది కాదు. అంటే ఆ రోజు ఆమెకు తెలుసా, తెలియదా? వట్టికాళ్లతో రెండుసార్లు మడమ ఆనించిన మనిషి పొరబడిందా? రెండేళ్లు ఇదే ఆలోచించాను. ఇంటికి ఆలోచన అంటే మాటలా? ఒకే చోట ఆగిన చెమ్మలాంటిది.

మొన్న కార్తీకంలో ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఆ బరువు పడింది. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ. పెంటమ్మ ఒక్కతే వచ్చింది. టికెట్టు కొనుక్కుని వచ్చింది. ఏ గదిలోనూ ఆగకుండా తిన్నగా తూర్పు గదికి నడిచి, తాడు కిందనుంచి వంగి, మూలకు వెళ్లింది. అక్కడ ఇరవైమంది దాకా గైడు మాటలు వింటున్నారు.

"ఓయ్ అమ్మా! ముట్టుకోకూడదు!" అని కాపలావాడు అరిచాడు. "నిన్నేనమ్మా! తాడు దాటకూడదు!"

ఆమెకు వినపడలేదు. బోర్డు చదవడం ఆమెకు రాదు. అరచెయ్యి తెచ్చి తడి గోడ మీద నిండుగా ఆనించింది. రెండేళ్లలో నన్ను తాకిన మొదటి చెయ్యి అది.

"నాకు తెలుసునే" అంది. మెల్లగా అన్నాననుకుంది. గదంతా దద్దరిల్లింది. "ఆ రోజే తెలుసు, నువ్వింకా పలకనేదని. నాను నీ మూల సూళ్లేదు, దాని సెయ్యి సూసినాను. సూసి సాలనీసినాను. ఏటనుకోకు."

నూట యాభై ఏళ్లలో నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. చెప్పి, చెయ్యి తియ్యకుండా నిలబడింది. జవాబు కోసం.

జవాబు ఉంది నా దగ్గర. కాని దెబ్బను మోయగలనే గాని నా అంతట నేను మోగలేను. ఎవరో ఒకరు కొట్టాలి. ఒక్క మడమ గట్టిగా వేసినా, ఒక చెప్పు జారినా, పిల్లాడు ఎగిరినా దాన్నే పట్టుకుని ఆమె అరచేతికి పంపేదాన్ని. గదిలో ఇరవైమంది ఉన్నారు. ఆ ముసలామె గోడతో మాట్లాడుతుంటే చూస్తూ ఊపిరి బిగబట్టి నిలబడిపోయారు. ఒక్క పాదమూ కదల్లేదు.

ఆమె ఇంకాస్సేపు చూసి, చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుని, వెళ్లిపోయింది.